నీటికుక్కల బండకు ముగ్గు పెట్టిన వైనం

నా అలమరాలో నలభై డైరీలు వరసగా నిలబడి ఉంటాయి. చివరి నుంచి నాలుగో చోట మాత్రం పన్ను ఊడినట్టు ఒక సందు. ఆ డైరీని చెదలు తినలేదు, ఎవరూ ఎత్తుకుపోనూ లేదు. హైదరాబాదులో ఒక ప్రయోగశాల ఫ్రిజ్జులో, సీలు వేసిన కవరులో చల్లగా ఉంది. దానికి ఆ గతి పట్టించింది నేనే. అంతకు ముందురోజు ఒక ఆడపిల్ల ఎనిమిది నెలల కష్టాన్ని గంటసేపట్లో చీపురుతో ఊడ్చిందీ నేనే. నవ్వదలచుకున్నవాళ్ళు ఇక్కడినుంచే మొదలుపెట్టవచ్చు, నేనేమీ అనుకోను.

సంగతి మూడేళ్ళ కిందటిది. అప్పటికి నాకు అరవై రెండు. అంటే కుర్రతనం, దూకుడు ఎక్కువ. ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై మిర్యాలగూడలో ఉంటున్నాను. మా మేడమీది గదిలో సునీత కిరాయికి ఉండేది. తిరుమలగిరి దగ్గరి తండా పిల్ల, డిగ్రీ చివరి సంవత్సరం, జువాలజీ. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోట నీటికుక్కలు ఉన్నాయో లేవో వెతికే వాలంటీరు పని ఒప్పుకుంది. పేరులో కుక్క ఉన్నా అది మొరిగే జాతి కాదు. ముంగిసకు ఈత నేర్పినట్టుంటుంది, చేపలు తింటుంది, మనిషికి మాత్రం కనపడదు. కనపడేవి రెండే: ఒడ్డున పాదాల గుర్తులు, బండల మీద పెంట.

"ఏటొడ్డుకు ఒక్కదానివే పోవద్దు" అని వాళ్ళ నాయన పట్టుబట్టాడు. తోడుగా నేను బయలుదేరాను. నాకూ ఒక ఫారం ఇచ్చారు. 'చదువుతున్న సంవత్సరం' అన్న గడిలో 'పూర్తయింది' అని రాసి సంతకం పెట్టాను.

ప్రతి ఆదివారం మేమిద్దరం ఒడ్డు వెంట నడిచేవాళ్ళం. పెంట కనపడితే సునీత చుట్టూ రాళ్ళు పేర్చి ఫోటో తీసేది. నేను టేపు పెట్టి కొలిచి డైరీలో ఎక్కించేవాణ్ణి. 'రెండో బండ, తూర్పు అంచు. పొడవు రెండున్నర అంగుళాలు. చేప పొలుసులు కలవు. వాసన ఘాటు.' ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఏ ఫైలునూ ఇంత శ్రద్ధగా ముట్టలేదు.

ఆ సమాచారంతో సునీత ఒక వ్యాసం రాసి, ఈ వాలంటీరు పని అప్పగించిన హైదరాబాదు సంస్థకు పంపింది. అక్కడి పరిశోధకురాలు, పెద్ద మేడం, ఫోను చేసింది. "ఫోటోలు చాలవమ్మా. నేనే వచ్చి చూస్తాను. ఆనవాళ్ళు నిజమైతే నీ వ్యాసం మా పత్రికలో వస్తుంది. ఎండాకాలం అడవిలో శిక్షణకు నిన్ను తీసుకుంటాను."

సునీత మెట్ల మీద ఎగిరిన ఎగురుకు మా వంటింట్లో గిన్నెలు మోగాయి.

మేడం వచ్చే రోజు పొద్దున సునీతకు కాలేజీలో ప్రాక్టికల్స్ పడ్డాయి. "తాతా, మీరు ముందు పోయి గాడ కూసోండ్రి. గుర్తులు మిగిలింది ఆ రెండో బండ కాడ్నే, మేం వచ్చేదాక దాని మీద ఎవ్వర్నీ అడుగు పెట్టనీయకుండ్రి" అంది.

"నేనుండగా చీమ కూడా ఎక్కదు" అన్నాను. చీమలు నిజంగానే ఎక్కలేదు.

ఇక్కడ నా జబ్బు ఒకటి చెప్పాలి. పై అధికారి తనిఖీకి వస్తున్నాడంటే ఆఫీసులో మేం చేసే మొదటి పని ఊడ్పించడం, రెండోది దారికి ముగ్గు గీతలు వేయించడం. ఇంకో జబ్బు కూడా ఉంది: రిజిస్టరులోకి ఎక్కాక చిత్తు కాగితం చింపేయడం. ఫైల్లో ఉన్నది నిజం, నేల మీద ఉన్నది చెత్త. ఈ రెండు జబ్బులు కలిసి ఆ పొద్దున నా స్కూటరు మీద చీపురు, బకెట్, నాలుగు కిలోల ముగ్గుపిండి, ఒక శాలువా పెట్టించాయి.

అక్కడ గొర్రెలు మేపే మల్లయ్య కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. గంట నుంచి అతని గొర్రెల్ని నేను బండ దరిదాపులకు రానివ్వలేదు. చీపురు తీసేసరికి నోరు తెరిచాడు.

"సారూ, గిదేం పని? పాప గీ పెంటకే గద రాళ్ళు పేర్చుకున్నది?"

"అంతా రాసుకున్నాం మల్లయ్యా. కొలతలతో సహా."

"మరి ఊడ్సుడెందుకు?"

"పెద్ద మేడం అంత దూరం నుంచి వస్తుంటే పెంట చూపిస్తామా?"

"ఇగ ఏం సూపిస్తవ్?"

"డైరీ చూపిస్తా."

"నా గొర్లు తొక్కుతయని పొద్దటి సంది కట్టె పట్టుకొని ఉరికించినవ్. అవే నయముండె సారూ" అన్నాడు మల్లయ్య.

చదువులేని మాట అనుకున్నాను. బండ కడిగాను. ఇసుకలో గుర్తులన్నీ సాపు చేశాను. చుట్టూ మూరెడు వెడల్పున ముగ్గుపిండి పట్టీ వేశాను. కంచే చేను మేసిందంటారు. నేను మేసి ఊరుకోలేదు, మేసిన చోట ముగ్గు కూడా పెట్టాను.

మధ్యాహ్నం కారు దిగగానే సునీత అక్కడే నిలబడిపోయింది. తళతళలాడే బండనూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"తాతా... పెంట ఏది?"

"శుభ్రం చేశానమ్మా" అన్నాను, శాలువా విప్పుతూ.

మేడం నెమ్మదస్తురాలు. నేను డైరీ తెరిచి రెండో బండ, తూర్పు అంచు అంటూ చదువుతుంటే చివరిదాకా విన్నది. "చాలా బాగా రాశారండీ. పంచనామా పక్కాగా ఉంది, శవమే లేదు. మీ మాట మీద నేను రాయలేను కదా" అంది. సునీత వైపు తిరిగి, "రాత్రికి కోదాడలో ఉంటాను. రేపు పొద్దున ఇటు చుట్టు తిరిగి ఒకసారి వచ్చి చూస్తాను. ఏమీ లేకపోతే ఈ ఏడాదికి ఇంతేనమ్మా" అంది.

కారు వెళ్ళిపోయింది. సునీత నా స్కూటరు ఎక్కింది. మిర్యాలగూడ పొలిమేరలో ఒక్కటే అంది: "గొర్లకైతే తెల్వదు తాతా. మీకు తెలుసు గద."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసునే కడిగిన మనిషిని. సాయంత్రం డైరీ రాద్దామని సంచి తెరిస్తే డైరీ లేదు. సిగ్గుతో శాలువా మడిచే తొందరలో బండ మీదే మరిచిపోయాను. ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఒక రోజు రాయకుండా గడిచింది. రాయడానికి మాత్రం ఏముంది కనుక!

మర్నాడు పొద్దున్నే ముగ్గురం చేరేసరికి మల్లయ్య పొట్ట పట్టుకొని నవ్వుతున్నాడు.

"రా సారూ, రా! నీ బుక్కుకు ముద్దర పడ్డది!"

బండ నడుమ నా డైరీ. దాని అట్ట మీద, నా పేరు రాసుకున్న చోటే, పొలుసులతో నిగనిగలాడుతూ తాజా పెంట! చుట్టూ ముగ్గుపిండి పట్టీలో అయిదు వేళ్ళ పాదాలు, వేళ్ళ మధ్య తోలుతో సహా, అచ్చు గుద్దినట్టు. ఒక జత పెద్దవి, రెండు జతలు చిన్నవి.

"తాతా, పిల్లలు! పిల్లలున్నయి!" సునీత నా భుజం పట్టి ఊపేసింది.

మేడం మోకాళ్ళ మీద కూర్చుంది. "తమ వాసన కడిగేస్తే ఊరుకుంటాయా? హద్దు మళ్ళీ వేసుకున్నాయి" అంటూ ఫోటోలు తీసి, చేతికి తొడుగు వేసుకొని డైరీని కవరులోకి దింపింది.

"అమ్మా, అందులో నా పదకొండు నెలలు ఉన్నాయి!"

"ఉండొచ్చండీ. ఇప్పుడది నమూనా" అని కవరు మీద నంబరు వేసింది.

వ్యాసం అచ్చయింది. సునీత శిక్షణకు వెళ్ళింది, ఇప్పుడు పీజీ చేస్తోంది. పత్రిక రాగానే నా పేరు కోసం అద్దాలు తుడుచుకొని కృతజ్ఞతలు అన్న చోట వెతికాను. మల్లయ్య పేరుంది, నాది లేదు. చివరికి 'ఈ ప్రాంతంలో నీటికుక్కలకున్న ముప్పులు' అన్న శీర్షిక కింద దొరికాను: 'వలలు, ఇసుక తవ్వకం, వీధికుక్కలు, ఒక రిటైర్డ్ సూపరింటెండెంటు.'

అందుకే నలభై డైరీల సాక్షిగా, ఫ్రిజ్జులో ఉన్న ఆ ఒక్కదాని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో పెంట ఎవరిదైనా సరే, ఎంత పెద్ద అధికారి వస్తున్నా సరే, వేసిన వారి లిఖితపూర్వక అనుమతి లేనిదే చీపురు ముట్టను.