హుసేనమ్మ కుట్టిన మెత్తలు

ఎండకు వేసిన బూరుగుదూది దిండును పొద్దు వాలాక లోపలికి తెచ్చి ముఖం ఆనిస్తే ఒక వాసన వస్తుంది. వేడెక్కిన బట్ట వాసన, దాని వెనక వేయించిన గింజల్లాంటి కమ్మదనం, ముక్కులో సన్నటి నూగు. మొన్న మా కోడలు అటక మీది పాత దిండ్లు దులిపి డాబా మీద పరిచింది. వాటిని తెద్దామని వెళ్ళి, ఒకదాన్ని రెండు చేతులా ఎత్తుకుని, అక్కడే కూలబడ్డాను. కోడలు కంగారుపడి ఏమైందని అడిగింది. ఎండ తగిలిందన్నాను. నిజానికి నాకు హుసేనమ్మ గుర్తుకొచ్చింది. ఆమె గుర్తుకొస్తే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు. ఆమె ఎవరో, నేను ఆమెకు ఏం చేశానో ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

మాది కోదాడ. పదిహేడో ఏట సూర్యాపేటకు కోడలిగా వెళ్ళాను. అత్తగారు అప్పటికే లేరు. మామగారికి పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. మా వారు మిర్యాలగూడలో ఉర్దూ బడి పంతులు. పదిహేను రోజులకోసారి వచ్చి ఒక పూట ఉండి వెళ్ళేవారు. మిగతా రోజులన్నీ ఆ ఇంట్లో నేనూ, మంచం మీద ఆయనా. పక్కిల్లు హుసేనమ్మది. వాళ్ళు దూదేకులవాళ్ళు. భర్త మౌలాలి విల్లుతో దూది ఏకేవాడు, ఆమె పరుపులూ మెత్తలూ కుట్టేది. మేము దిండు అనేదాన్ని అక్కడ మెత్త అంటారు. నా మాటలో కృష్ణా జిల్లా వైపు యాస ఉందని వీధి ఆడవాళ్ళు నవ్వేవారు. నలభై ఏళ్ళ హుసేనమ్మ మాత్రం నన్ను బిడ్డా అని పిలిచేది. నేను చిన్నమ్మా అనేదాన్ని.

నేను కాపురానికి వెళ్ళిన నెలలోపే మామగారి మడమలు కమిలిపోయాయి. నడుము కింద చర్మం ఎర్రబడింది. ఒకరోజు హుసేనమ్మ గడప దగ్గరే ఆగి గాలి పీల్చి, నా మొహం చూసింది.

"పెద్దయ్యను ఎప్పుడు తిప్పినవ్ బిడ్డా?"

"తిప్పడమేంటి చిన్నమ్మా? తల కింద దిండు పెట్టాను కదా."

"మెత్త తలకే అనుకుంటున్నవా? ఒంట్ల ఎముక యాడ తగుల్తదో గాడ మెత్త ఉండాలె."

ఆ సాయంత్రమే పాత చీరలు, పాత దూది తెప్పించి కూర్చుంది. తలకు బూరుగుదూది మెత్త, అదీ గట్టిగా కూరకూడదు. పిడికిలితో అదిమి వదిలితే మెల్లగా పైకి లేవాలి. వీపుకు ఆనించడానికి సన్నగా పొడుగ్గా రెండు, ఒక పక్కకు తిప్పిన మనిషి మళ్ళీ వెల్లకిలా దొర్లకుండా. మోకాళ్ళ మధ్యకు ఒకటి, దానికి నలిగిన పాత దూదే మేలు, కొత్తదైతే జారిపోతుంది. మడమలకు గుండ్రటి చుట్ట, మధ్యలో ఖాళీ, మడమ దేనికీ తగలకుండా. పడిపోయిన చేతి కింద అరచేతి మందాన ఒకటి, చెయ్యి కిందికి వేలాడి నీరు పట్టకుండా. అప్పటిదాకా దిండంటే పడక మీద ఉండే ఒక వస్తువు నాకు. ఆ రోజు మామగారిని ఎడమ పక్కకు తిప్పి ఆ మెత్తలన్నీ అమర్చాక ఆయన పొడుగ్గా ఊపిరి వదిలి కళ్ళు మూసుకున్నారు. నొప్పి లేకుండా ఆయన నిద్రపోవడం నేను చూసింది అదే మొదలు. తర్వాత వీధిలో ఎవరు ప్రసవించినా ఆమె వెంట నేనూ వెళ్ళేదాన్ని. పసిబిడ్డ తల గుండ్రంగా రావడానికి ఆవాలు నింపిన చిన్న దిండు కుట్టడం, బాలింత నడుముకు ఊక దిండు కాచి పెట్టడం అలాగే నేర్చుకున్నాను.

ఒకసారి మా వారితో బడి పెద్ద ఒకాయన వస్తున్నాడని కబురొచ్చింది. గోడకు ఆనుకుని కూర్చునే తకియా మా ఇంట్లో లేదు. మామగారి వీపు వెనక ఉన్న రెండు పొడుగాటి మెత్తలు తీసి, వాటికి పూల గలేబులు తొడిగి చాప మీద అలంకరించాను. అతిథి ఎంతో మెచ్చుకున్నాడు. ఆయన వెళ్ళాక హుసేనమ్మ వచ్చి, వెల్లకిలా పడి ఉన్న మామగారిని చూసి, గలేబులు ఊడదీసింది.

"వచ్చినాయనకు ఆనుకోను గోడున్నది. ఈయనకేమున్నది బిడ్డా?"

అంతే అన్నది. నాకు ముఖం చెల్లలేదు. ఆ సిగ్గు చిన్నది, మంచిది. మనిషిని సరిచేసే సిగ్గు.

నలభై ఎనిమిదో సంవత్సరం అది. ఆ ఎండాకాలం రోజులు బాగాలేవు. సర్కారు అండతో ఆయుధాలు పట్టుకున్న మనుషులు ఊళ్ళ మీద పడుతున్నారని భయం. మా వీధిలో సగం మంది బళ్ళు కట్టుకుని యూనియన్ హద్దులో ఉన్న మునగాల వైపు వెళ్ళిపోయారు. మంచం మీది మనిషిని పెట్టుకుని నేనెక్కడికి పోను? ఒక మిట్టమధ్యాహ్నం అలాంటి వాళ్ళు నలుగురు మా వీధిలోకి వచ్చారు. హుసేనమ్మ పరుగున వచ్చి మా గడప మీద అడ్డంగా కూర్చుని, ఒళ్ళో పరుపు బట్ట వేసుకుని కుట్టడం మొదలుపెట్టింది. వాళ్ళు అడిగితే ఉర్దూలో ఏదో గట్టిగా చెప్పింది. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. వాళ్ళు వెళ్ళిపోయారు. ఏం చెప్పావని అడిగాను.

"ఈ ఇల్లు నాది, లోపల మా నాయన పండుకొని ఉన్నడు అన్న."

తర్వాత కొద్ది రోజులకే మామగారి పరుపు గడ్డలు కట్టిందని మౌలాలి వచ్చాడు. పొద్దున్నే మా వాకిట్లో విల్లు కట్టి, పరుపు విప్పి, దీపాలు పెట్టేవేళ దాకా దూది ఏకాడు. మామగారిని తలుపు దగ్గరకు జరిపి మెత్తలు ఆనించి కూర్చోబెట్టాను. మౌలాలి జుట్టంతా తెల్లబడితే మామగారు సగం మూతితోనే నవ్వారు. రెండుసార్లు మజ్జిగ ఇచ్చాను. సాయంత్రానికి ఆ ఆయుధాల వాళ్ళే పక్క ఊళ్ళో ఇళ్ళు తగలబెట్టారన్న కబురు వచ్చింది. దూరాన పొగ కనిపించింది. మౌలాలి విల్లు పక్కన పెట్టి ఆ పొగనే చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజును మా వీధిలో ఎవరూ మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు.

వానాకాలంలో యూనియన్ సైన్యం కోదాడ రోడ్డున వచ్చింది. వెళ్ళిపోయినవాళ్ళు తిరిగొచ్చారు. ఊరంతా సంబరం, దాని అడుగున ఇంకో రకం భయం. మా అన్నయ్య కోదాడ నుంచి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. "బావగారు ఉర్దూ బడిలో పనిచేశారు. ఆయన కూడా వాళ్ళ మనిషేనని ఎవరైనా పేరు చెప్పొచ్చు. నువ్వు ఎవరి తరఫునా నోరు తెరవకు" అన్నాడు.

నాలుగో రోజు పొద్దున మామగారి చేతి కింది మెత్తకు దూది మారుస్తూ వాకిట్లో కూర్చున్నాను. వీధి చివరింటి నర్సయ్య వచ్చాడు. వెనక పదిమంది, తెలుగు రాని ఇద్దరు సిపాయిలు. మధ్యలో మౌలాలి, చేతులు వెనక్కి కట్టి. వాళ్ళ వెనకే హుసేనమ్మ, తల మీది కొంగు జారినా చూసుకోకుండా.

"ఏమమ్మా, గా ఊరు కాలిన దినం వీడు కాలవెట్టినోళ్ళల్ల ఉన్నడని మావోళ్ళంటున్నరు. వీడేమో మీ ఇంట్ల దూది ఏకుతున్న అంటున్నడు. నిజమేనా? నీ మాట మీదనే ఉన్నది" అన్నాడు నర్సయ్య.

హుసేనమ్మ నా వంక చూసింది. ఆ చూపులో బతిమాలడం కూడా లేదు. నేను చెబుతానని నమ్మకం, అంతే. నేను చేతిలోని మెత్త వంక చూశాను.

"నాకు యాది లేదు" అన్నాను.

గుర్తు అనేదాన్ని నేను. యాది అన్నది ఆ వీధి మాట. అంతవరకూ ఎన్నడూ వాడని ఆ మాట ఆ ఒక్కసారి నా నోట ఎంత సులువుగా పలికిందో.

అప్పుడు లోపలి నుంచి మామగారి గొంతు వినిపించింది. మాట కాదు, అరుపు. తలుపులోంచి ఆయన ఎడమ చెయ్యి కనిపించింది. మౌలాలి వైపు చూపిస్తూ, తర్వాత పరుపును చరుస్తూ, మళ్ళీ మౌలాలి వైపు. "ఉ, ఉ" అంటూ మంచం మీంచి సగం జారిపోయారు. ఆయన ఏం చెబుతున్నారో నాకు ప్రతి అక్షరం తెలుసు.

"ముసలాయన బెదిరిండు. పోదాం పాండ్రి" అన్నాడు నర్సయ్య. తీసుకుపోయారు.

ఆ పూట మామగారు నా చేతి ముద్దకు నోరు తెరవలేదు. ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. మర్నాడు పొద్దున నేను ఎంత బతిమాలినా అంతే. అప్పుడు హుసేనమ్మ వచ్చింది. నా వంక చూడకుండా లోపలికి వెళ్ళి ఆయన్ను పక్కకు తిప్పింది, మడమల చుట్టలు సర్దింది, గిన్నె చేతిలోకి తీసుకుంది. "తినుండ్రి పెద్దయ్యా" అన్నది. ఆయన తిన్నారు. తింటూ ఏడ్చారు.

"చిన్నమ్మా, నేను..." అన్నాను.

"వేడినీళ్ళు తే" అన్నది.

ఎనిమిది రోజులు అలాగే వచ్చింది. తొమ్మిదో రోజు ఆమె తమ్ముడు మిర్యాలగూడ నుంచి వచ్చి తీసుకువెళ్ళాడు. వెళ్ళేముందు మెత్తలన్నీ ఉతికి, ఎండబెట్టి, ఏది ఎక్కడిదో నేను తడబడకుండా మూలల్లో రంగుదారంతో గుర్తులు కుట్టి వెళ్ళింది. వీపుకు ఎరుపు, మోకాళ్ళకు నలుపు, చేతికి పచ్చ. నా కోసం కాదు, ఆయన కోసం. మామగారు ఆ మెత్తల మీదే మరో ఏడు నెలలు బతికారు. ఒంటి మీద ఒక్క పుండు లేకుండా పోయారు. ఊరంతా నన్ను మెచ్చుకుంది. ఆయన మాత్రం చివరిదాకా నన్ను చూసి నవ్వలేదు.

తర్వాత నేను మిర్యాలగూడ చేరాను. ఒకరోజు బజారు వెనక సందులో దూదేకే విల్లు చప్పుడు వినిపిస్తే ఆగాను. విల్లు పట్టుకున్నది ఆడమనిషి. హుసేనమ్మ. ఆడవాళ్ళు విల్లు పట్టడం అంతకుముందు నేను చూడలేదు. వాకిట్లో మౌలాలి గోడకు ఆనుకుని ఉన్నాడు. జైలు నుంచి వదిలిపెట్టి కొద్ది నెలలైందట. ఎక్కడో విరిగిన కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది. దాని కింద ఒక చిన్న మెత్త.

నేను అక్కడే నిలబడి చెప్పేశాను. ఆ రోజు నాకు అంతా గుర్తుందని, భయపడి అబద్ధమాడానని. హుసేనమ్మ విల్లు ఆపింది.

"యాది లేదంటివి గద. ఇప్పుడెట్ల యాదికొచ్చింది?" అని, విల్లు కింద పెట్టి, "నాకెందుకు చెప్తవ్? నాకెర్కలేదా? ఆయనకు చెప్పు" అన్నది.

మౌలాలికి చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. అది ఇంకా కష్టమైంది.

"రెండుసార్లు మజ్జిగిస్తివి తల్లీ. రెండోసారి ఉప్పెక్కువైంది. నాకు అంత యాదున్నది. ఎవలడిగినా గదే చెప్పిన, ఎవలూ నమ్మలె" అన్నాడు. తర్వాత తల వంచుకుని, "సూర్యాపేటల గా బజార్లనే చెప్తవా? నర్సయ్య ముంగల?" అన్నాడు.

మా వారు వద్దన్నారు. అన్నయ్య కబురు పంపి తిట్టాడు. నెల రోజులు ఆగాను. ఆ నెల కూడా నా తప్పుల లెక్కలోదే. తర్వాత ఒక్కదాన్నే సూర్యాపేట వెళ్ళి, నర్సయ్య అరుగు ముందు నిలబడి, ఆ ఊరు కాలిన రోజు మౌలాలి పొద్దున్నుంచి మా వాకిట్లోనే ఉన్నాడని గట్టిగా చెప్పాను. నర్సయ్య చుట్ట ఆర్పి, "ఇప్పుడెందుకమ్మా గా ముచ్చట?" అన్నాడు. మరొకరు ఎవరో బస్సు వేళైందన్నారు. అంతే జరిగింది.

తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మౌలాలి శ్రద్ధగా విన్నాడు.

"ఎంతమంది ఉండిరి?"

"తొమ్మిదిమంది."

"తొమ్మండ్గురు ఇన్నరు" అని భార్య వైపు తిరిగి చెప్పాడు. ఆమె తల ఊపి, నాకు పీట వేసి, మంచినీళ్ళిచ్చింది. "తాగుండ్రి పంతులమ్మా" అన్నది. ఆ తర్వాత పదకొండేళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నాం. మా పిల్లలకు ఆవాల దిండ్లు ఆమే కుట్టింది. మా వారు జబ్బుపడితే వచ్చి చూసింది. కానీ నన్ను ఇంకెప్పుడూ బిడ్డా అని పిలవలేదు.

ఆమె నేర్పిన పని నా చేతుల్లో ఉంది. మంచాన పడ్డవాళ్ళు ఉన్న ఇళ్ళవాళ్ళు ఈనాటికీ నన్ను పిలుస్తారు, వెళ్ళి తిప్పి, మెత్తలు అమర్చి వస్తాను. ఎవరు నేర్పారంటే ఆమె పేరు చెబుతాను. మెచ్చుకుంటారు. అక్కడితో ఆగకుండా మిగతాది కూడా చెప్పాలని ప్రతిసారీ అనుకుంటాను. చాలా ఇళ్ళల్లో ఆగిపోయాను.