ఏమీ కాకుండా చూసే మందు

డిపార్టుమెంటులో అందరూ ఆవిణ్ణి చాటుగా ‘బాలింత’ అనేవారు. ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్లయినా ఆ పేరు పోలేదు. పోతుందా మరి? ఆదివారం లేదు, సెలవు లేదు, ఎవరి పెళ్లికి పిలిచినా “పిల్లలకు పాలు పట్టాలండీ, రాలేను” అనేది. ఆ పిల్లలు పిండ మూలకణాలు. అరచేతిలో పట్టే పళ్లెంలో, గులాబీరంగు నీళ్లలో, ఇంక్యుబేటరు వెచ్చదనంలో పెరుగుతుంటాయి.

మూలకణమంటే ఇంకా ఏమీ కానిది. తలుచుకుంటే గుండె అవుతుంది, ఎముక అవుతుంది, మెదడవుతుంది. ఏమరుపాటుగా వదిలేస్తే చాలు, ఏదో ఒకటి అయి కూర్చుంటుంది. అలా అవనీయకుండా పట్టుకోవడమే ఆవిడ పాండిత్యమంతా. అందుకోసం చిన్న గొట్టంలోని మందు రోజూ ఒక చుక్క వెయ్యాలి. ఈ సంగతి విని అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

“అందరూ తమ పిల్లలు ఏదో ఒకటి అవ్వాలని నానా తంటాలూ పడుతుంటే, నువ్వేమిటే తల్లీ, ఏమీ కాకుండా చూడ్డానికి జీతం తీసుకుంటున్నావా?”

కోడలికి నవ్వొచ్చింది. కానీ అత్తగారు అన్నదాంట్లో తప్పేముంది?

నిరుడు నైట్రోజన్ ట్యాంకు ఎండిపోయి, గడ్డకట్టించి దాచుకున్న కణాలన్నీ పోయాయి. పీహెచ్‌డీ నాడు మొదలుపెట్టిన కణాల వంశానికి ఆ ఒక్క పళ్లెమే దిక్కయింది. సరిగ్గా అప్పుడే కమిటీ వస్తోందని కబురు. ల్యాబు ఉంచాలో ఎత్తెయ్యాలో తేల్చేస్తారట.

అది విని డైరెక్టరు గారు ఏం చేశారు? రంగులు వేయించారు! గచ్చు మీద అడుగులు పడతాయని, పెయింటరు తప్ప పురుగు కూడా లోపలికి పోకుండా తాళం వేయించారు. ఆవిడ కాళ్లావేళ్లా పడింది.

“కమిటీ చూసేది గోడల్నమ్మా, మీ పళ్లేన్ని కాదు” అన్నారాయన.

ఇక చేసేదేముంది, కిటికీ దగ్గర నిలబడి పెయింటరుకే పాఠం చెప్పింది. చేతులెలా కడగాలో, పాత నీళ్లు తీసి కొత్తవి ఎలా పొయ్యాలో, అన్నీ.

“ఆ చిన్న గొట్టంలో ఉన్నదేంటమ్మా?”

“ఏమీ కాకుండా చూసే మందు బాబూ. రోజూ ఒక్క చుక్క, మరిచిపోకు.”

అతను మహా బుద్ధిగా తలూపాడు.

పాపం, అతని శ్రద్ధకేం లోటు లేదు. రోజూ నీళ్లు మార్చాడు, వాటి దగ్గర నిలబడి పాటలు కూడా పాడాడు. మందు మాత్రం ముట్టలేదు. కమిటీ వచ్చే పూట తాళం తీశాక, గొట్టం నిండుగా ఉండటం చూసి, “చుక్క వెయ్యలేదా బాబూ!” అందావిడ.

“అవి దుక్కల్లా ఉన్నాయి కదమ్మా! ఏ జబ్బూ లేనివాళ్లకి మందెందుకని జాగ్రత్తగా దాచిపెట్టాను” అన్నాడతను సంబరంగా.

పళ్లెం మైక్రోస్కోపు కింద పెట్టిందో లేదో, తను చూసుకునేలోపే కమిటీ దిగబడింది.

“ఇరవై ఏళ్లు పెంచారు కదా, ఇవి ఏమయ్యాయి?” అనడిగాడు కమిటీ పెద్దాయన.

“ఏమీ కాలేదండీ” అంది, అలవాటైన గర్వంతో. “ఏమీ కాకపోవడమే వీటి గొప్ప.”

డైరెక్టరు తల పట్టుకున్నారు. పెద్దాయన కలం తీశాడు. కొట్టేసేముందు ఒకసారి చూద్దామని వంగి, కన్ను ఆనించి, కెవ్వుమన్నాడు.

“కొట్టుకుంటున్నాయయ్యోయ్! ఇది గుండె!”

ఇంకేముంది, అందరూ వరసకట్టారు. చప్పట్లే చప్పట్లు. ల్యాబు ఉంటుందన్నారు. ‘గుండె విభాగం’ అని బోర్డు కూడా పెట్టమన్నారు.

“ఇలాంటివి వచ్చే ఏడాదికి ఇంకో పది పళ్లేలు చెయ్యండమ్మా!” అన్నాడు పెద్దాయన.

“అది కుదరదండీ. గుండె అయ్యాక ఇవి వెనక్కి రావు. మళ్లీ చెయ్యాలంటే ఏమీ కాని కణాలు కావాలి. నా దగ్గర ఇక లేవు.”

“ఏమీ కానివాటితో మనకేం పనమ్మా!” అని పెద్దాయన హాయిగా నవ్వి, అందర్నీ వెంటేసుకుని టీకి వెళ్లిపోయాడు.

అప్పటిగ్గానీ ఆవిడ వంతు రాలేదు. మైక్రోస్కోపులోకి చూసింది. కణాలన్నీ ఒక్కలయలో ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉన్నాయి. చక్కగా ఉన్నాయి, కాదనలేదు. కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది.