బందరు రాగానే నోరు మూసుకునే జీపు

1961 జనవరిలో నన్ను గుడివాడ నుంచి బందరు వర్క్‌షాపుకి చార్జిమన్‌గా వేశారు. చార్జిమన్ అంటే ఫోర్‌మన్‌కి కింద, ఫిట్టర్లకి పైన ఉండే మనిషి. పని చేయించేదీ అతనే, చేసిన పనికి రిపోర్టు రాసి సంతకం పెట్టేదీ అతనే. మా శాఖ పేరు ఇక్కడ అక్కర్లేదు. కాలువ గట్ల మీదా, వరదను ఆపే కరకట్టల మీదా తిరిగే జీపులు తొమ్మిది ఉండేవి, వాటి మంచిచెడ్డలు మేం చూసేవాళ్లం. అన్నీ ముందు చక్రాలు కూడా లాగే బండ్లే. వాన పడ్డాక దివిసీమ నల్లమట్టిలో ఇంకో రకం బండి అంగుళం కదలదు.

నా చెవి మీద నాకు అప్పట్లో కాస్త పొగరు ఉండేదని ఒప్పుకోవాలి. మా నాన్నగారు తోట్లవల్లూరు దగ్గర పల్లెలో, చర్చిలో హార్మోనియం వాయించేవారు. ఏ మెట్టు పలకడం లేదో దూరంగా కూచుని చెప్పేవాణ్ణి. జీపుల విషయంలోనూ అంతే. ఇనుము ఇనుముకి తగిలితే గలగల, వదులైన రేకైతే డబడబ, కమాను కట్టల్లో బుష్ అరిగితే కిర్రుమనడం. గేటు దాటి లోపలికి వచ్చేలోపే ఏది ఏదో చెప్పేస్తానని ఫిట్టర్ల దగ్గర గొప్పలు పోయేవాణ్ణి.

ఫిబ్రవరిలో అవనిగడ్డ జీపు వచ్చింది. డ్రైవరు వీరాస్వామి బందరు పక్కనున్న గిలకలదిండి మనిషి, నలభై దాటినవాడు. తాతతండ్రులు సముద్రం మీద వేటకు వెళ్లి బతికినవాళ్లు. ఆ ఇంట్లో ప్రభుత్వోద్యోగం మొదట చేసింది ఈయనే. క్లీనరుగా చేరి, పదకొండేళ్లకు డ్రైవరయ్యాడు. ఖాకీ చొక్కా మీద ముడత ఉండనిచ్చేవాడు కాదు, బండి మీద దుమ్ము ఉండనిచ్చేవాడు కాదు. ఫిర్యాదు ఏమిటంటే, నడుస్తుంటే అడుగున ఎక్కడో టకటకమంటోంది, ఎస్.డి.ఓ. గారికి తలనొప్పి వస్తోంది. ఎస్.డి.ఓ. అంటే సబ్ డివిజనల్ ఆఫీసరు, ఆ జీపులో తిరిగే ఇంజనీరు.

బండి తళతళలాడుతోంది. నేనే పక్కన కూచుని పోర్టు రోడ్డు మీద గుంటలన్నీ ఎక్కించి దించాను. టకటక లేదు. "శబ్దం లేదు, బండి సవ్యంగా ఉంది" అని రాసి సంతకం పెట్టాను. పదిరోజులకు మళ్లీ వచ్చింది. మళ్లీ అదే ఫిర్యాదు, అదే రిపోర్టు. మూడోసారి వచ్చినప్పుడు మా ఫోర్‌మన్ గారు పడీపడీ నవ్వారు. "ఈ జీపుకి బందరంటే భయమోయ్, ఇక్కడికి రాగానే నోరు మూసుకుంటుంది" అన్నారు. నేనూ నవ్వాను.

మార్చిలో ఒక ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి వీరాస్వామి అరుగు మీద కూచుని ఉన్నాడు. చేతిలో ఎస్.డి.ఓ. గారు ఇచ్చిన చార్జి మెమో. శబ్దం తానే కల్పిస్తున్నాడనీ, ఏదో మర వదులు చేసి వర్క్‌షాపు పేరుతో బందరు వచ్చి గిలకలదిండిలో ఇంటిపట్టున ఉంటున్నాడనీ, వచ్చేముందు ఆ మర బిగించేస్తున్నాడనీ అందులో ఆరోపణ. వచ్చే శనివారం లోపు సంజాయిషీ ఇవ్వాలి. లేకపోతే మళ్లీ క్లీనరు. సాక్ష్యంగా నా మూడు రిపోర్టులూ జతచేశారు.

"మేస్త్రీ గారూ, నేను అబద్ధం ఆడానని మీరు రాశారంట కదండీ" అన్నాడు.

అలా రాయలేదనీ, శబ్దం లేదని మాత్రమే రాశాననీ చెప్పాను.

"రెండూ ఒకటేనండి" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేది. ఆ పూట అన్నం సహించలేదు నాకు.

మర్నాడు ఫోర్‌మన్ గారిని అడిగితే, శబ్దం లేని బండికి వైద్యం చేయడానికి డ్యూటీ మీద పంపనన్నారు. శనివారం దాకా సెలవు పెట్టి, పనిముట్ల సంచీ తీసుకుని అవనిగడ్డ బస్సెక్కాను.

సోమవారం మధ్యాహ్నం కరకట్ట మీదికి ఎక్కామో లేదో వినిపించింది. టక్, టకటక్, టక్. సిగ్గుతో నా ముఖం కాలిపోయింది. ఇంత స్పష్టమైన శబ్దాన్ని లేదని మూడుసార్లు రాశానా!

శబ్దం వెతకడానికి ఒక పద్ధతి ఉంది. ముందు కదిలేవన్నీ దించేయాలి. జాకీ, హ్యాండిలు, స్టెప్నీ, వెనక డోరు గొలుసులు దించేశాం. శబ్దం పోలేదు. బానెట్టు కొక్కేలూ, అద్దం ఫ్రేమూ తాళ్లతో కట్టేశాం. పోలేదు. ముందు చక్రాల లీవరు వేసీ తీసీ నడిపించాను. ముందు షాఫ్టు లోపమైతే లీవరు వేసినప్పుడు తేడా రావాలి, రాలేదు. ఇక చివరి ఉపాయం. మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస అడుగు రేకు మీద పెట్టి, వెనక భాగంలో వెల్లకిలా పడుకున్నాను. కాళ్లు బయటికి వేలాడుతున్నాయి. దారిలో ఒక ముసలాయన చెయ్యెత్తి బండి ఆపి, "ఎవరు బాబూ పోయింది, ఏ ఊరు మనిషి?" అని కండువా చేతిలోకి తీసుకున్నాడు. నేను లేచి కూచునేసరికి గట్టు దిగి పరుగెత్తాడు. అన్ని దిగుళ్ల మధ్యా వీరాస్వామి ఆ రోజు నవ్వింది అప్పుడే.

శబ్దం ముందు సీట్ల కింది నుంచి వస్తోందని మాత్రం తేలింది. రేపు ఎస్.డి.ఓ. గారిని కూచోబెట్టి వినిపిద్దాం అనుకున్నాం.

మంగళవారం ఉదయం ఆయన వచ్చి కూచున్నారు. రెండు మైళ్లు వెళ్లాం. చప్పుడు లేదు! ఆయన నా వైపు తిరిగి, "ఏవయ్యా, బందరు నుంచి మంత్రం వేసుకొచ్చావా? లేక నువ్వూ ఇతని జట్టేనా?" అన్నారు. దిగి వెళ్లిపోయారు. వీరాస్వామి స్టీరింగు పట్టుకుని అలాగే కూచున్నాడు. నాకు ఎస్.డి.ఓ. గారి మీదా, జీపు మీదా, నా చెవి మీదా కూడా ఒళ్లు మండిపోయింది.

ఆ కోపంలోనే కాలువ రేవు దగ్గరికి నడిచాను. ఒక రైతు ఎడ్లబండి చక్రం ఊడదీసి నీళ్లలో పడుకోబెడుతున్నాడు. చిన్నప్పటినుంచీ చూసిందే. ఎండకి కర్ర కుదించుకుపోతే ఇనప పట్టా వదులై చక్రం లొటలొటలాడుతుంది. ఓ రాత్రి నీళ్లలో నానితే కర్ర ఉబ్బి పట్టా బిగుస్తుంది. చూస్తూ నిలబడిపోయాను. పరుగున వెనక్కి వచ్చి వీరాస్వామిని ఒకే ప్రశ్న అడిగాను. నిన్న సాయంత్రం బండిని ఏం చేశారు?

"కడిగానండి. అయ్యగారు కూచుంటారు కదా అని రేవులోకి దించి, నీళ్లు అడుగు రేకుకి తగిలేదాకా గంటసేపు నిలబెట్టి కడిగాను."

"బందరు వచ్చేముందు?"

"అప్పుడూ అంతేనండి. పెద్దాఫీసుకి మురికి బండి తీసుకొస్తామా?"

మామూలు రోజుల్లో తడిగుడ్డతో తుడుస్తాడు. పైవాళ్ల ముందుకి వెళ్లే ముందురోజు మాత్రం రేవులో స్నానం. మా వర్క్‌షాపు మీద గౌరవంతో, తన సాక్ష్యాన్ని తానే మూడుసార్లు కడిగేశాడు.

అయితే జీపులో కర్ర ఎక్కడుంది? అంతా ఇనుమే. అడుగున దూరి, స్క్రూడ్రైవరు పిడితో ఒక్కో భాగం తట్టాను. అడుగు రేకు కింద బలానికి అడ్డంగా అయిదు బోలు పట్టీలు ఉంటాయి. నాలుగు పట్టీలు గంటల్లా మోగాయి. ముందు సీట్ల కిందిది మొద్దుగా పలికింది. లోపల దుంగ బిగించి, రెండు చివరలూ రేకుతో మూసి, రంగు వేశారు. తయారైనప్పుడో, ఎప్పటి మరమ్మతులోనో తెలియదు. ఒక చివర ఉప్పుగాలికి తుప్పు పట్టి చిల్లు పడింది. రేవు నీళ్లు అందులోంచి దూరి, లోపలే నిలిచి, రాత్రంతా దుంగని నానబెడుతున్నాయన్నమాట.

విప్పేస్తే పని అయిపోయేది. కానీ విప్పడం కాదు, ఎస్.డి.ఓ. గారి చెవిన పడాలి. రెండు రోజులు బండికి నీటి చుక్క తగలకూడదని చెప్పాను. వీరాస్వామికి అది మెమో కంటే కష్టంగా తోచింది. "ఈ అవతారంలో ఆయన ముందు పెట్టమంటారా? బండి మురిగ్గా ఉంటే నేను మురిగ్గా ఉన్నట్టేనండి" అన్నాడు. గుడ్డ వీరాస్వామి చేతిలోంచి లాక్కోవలసి వచ్చింది. బుధవారం సాయంత్రానికి శబ్దం సన్నగా మొదలైంది. గురువారం ఉదయానికి పూర్తిగా వచ్చేసింది. శబ్దం విని పండగ చేసుకున్నవాళ్లు మేమిద్దరమే అయి ఉంటాం.

ఎస్.డి.ఓ. గారిని బతిమాలి కూచోబెట్టాను. టకటక విని ముఖం చిట్లించారు. అక్కడికక్కడే, కరకట్ట మీద, ఆయన ఎదుటే పట్టీ చివరి రేకు కోసి దుంగ బయటికి లాగాను. ఒక పక్క పుచ్చి ఉంది. మళ్లీ లోపలికి తోసి ఊపమని ఆయనకే ఇచ్చాను. గోరంత సందులో టకటకమని ఆడింది. రేవు సంగతి చెప్పాను. కోపిష్ఠి అయినా ఆయన ఇంజనీరు. వాదించలేదు. "ఋజువు చేద్దాం" అని, దుంగని ఆఫీసు వరండాలో నీళ్ల బకెట్లో వేయించారు.

శుక్రవారం ఉదయం గుమాస్తాలూ, కాలువ గట్లు కాసే లస్కర్లూ అందరూ చుట్టూ చేరారు. ఎస్.డి.ఓ. గారు తడి దుంగని తానే తీసుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, పట్టీలోకి తోశారు. సగం దాకా వెళ్లి ఆగింది. సుత్తి అడిగారు. రెండు దెబ్బలు వేస్తేగానీ దిగలేదు. దిగాక జీపుని ఇద్దరు మనుషులతో ఊపించారు. కిక్కురుమనలేదు. అప్పుడాయన మెమో ఫైలు తెప్పించి, వరండాలో నిలబడే "ఆరోపణ నిరాధారం, రద్దు" అని రాశారు. ఆ పైన అందరూ వింటుండగా, "తప్పు నాది వీరాస్వామీ" అన్నారు. ఆ రోజుల్లో అంత హోదాలో ఉన్నవాళ్లు ఆ మాట అనడం నేను మళ్లీ వినలేదు. వీరాస్వామి నమస్కారం పెట్టబోయి పెట్టలేక, ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నా మూడు రిపోర్టులూ తప్పని నేనూ అక్కడే రాసిచ్చాను. ఆ కాగితం మీద సంతకం పెడుతుంటే గర్వంగా అనిపించింది.

మరమ్మతు ఉపాయం వీరాస్వామిదే. పడవ పలకల సందుల్లో కూరినట్టు కూరితే నీరు పోదు, కర్ర కదలదు అన్నాడు. నాగాయలంకలో పడవలు కట్టే వడ్రంగి చేత కొత్త టేకు దుంగ చెక్కించి, చుట్టూ నారా, నూనెలో కాచిన గుగ్గిలం కూరి చివరలు మూయించాం. శనివారం ఎస్.డి.ఓ. గారి క్యాంపు హంసలదీవి. ముందు సాయంత్రం వీరాస్వామి రేవులో బండిని మనసు తీరా కడిగాడు. నన్నూ ఎక్కించుకున్నారు. గుంటలో పడ్డా, గట్టెక్కినా ఇంజను మోత తప్ప ఇంకో చప్పుడు లేదు. చివర్లో ఇంజను ఆపితే సముద్రం హోరు వినబడింది. వీరాస్వామి నా వైపు చూసి మీసం దువ్వుకున్నాడు. నేనూ దువ్వుకున్నాను, నాకు మీసం లేకపోయినా.

సోమవారం బందరులో డ్యూటీలో చేరి, వర్క్‌షాపుకి ఒక కొత్త పద్ధతి పెట్టించాను. ఫోర్‌మన్ గారు సణిగారు గానీ ఒప్పుకున్నారు. శబ్దం ఉందని వచ్చిన బండిని కడక్కుండా తేవాలి. ఫిర్యాదు చేసిన డ్రైవరే, వీలైతే ఆ శబ్దం వచ్చిన దారి మీదే, నడిపి చూపించాలి. చార్జిమన్ పక్కన కూచుని వినాలి. అప్పటికీ వినబడకపోతే, తనకు వినబడలేదని మాత్రమే రాయాలి. డ్రైవరు విన్నదాన్ని లేదనే అధికారం చార్జిమన్‌కి లేదు.