బతికున్నవాడి గుసుల్

పటాన్‌చెరు చుట్టుపక్కల ముస్లింల ఇళ్లలో ఆడమనిషి కన్నుమూస్తే ముందు ఫోను పోయేది రషీదున్నీసాకే. మయ్యత్‌కు, అంటే పోయిన మనిషికి, గుసుల్ స్నానం చేయించడం ముప్పై ఏళ్లుగా ఆమె పని. జిన్నారం దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసిన రోజుల్లో కూడా కబురొస్తే సూపర్‌వైజర్‌తో పోట్లాడి మరీ గేటు దాటేది. ఎవరైనా చేతిలో ఏదైనా పెట్టబోతే కసురుతుంది. అత్తగారు నేర్పిన పని అది. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: మయ్యత్ ఒంటి మీద ఏ ఐబు, ఏ లోపం కనబడినా ఆ మాట పరదా దాటి రాకూడదు. చెప్పిన నోట్లో పురుగులు పడతాయనేది. రషీదున్నీసాకు నోటి దురుసు ఎక్కువే గాని, ఆ షరతు మాత్రం ఎన్నడూ తప్పలేదు.

ఆ శుక్రవారం పొద్దున ఇంద్రేశం కొత్త లేఅవుట్‌లో ఖదీర్ ఇంటికి పోయింది. ఖదీర్ కంపెనీలకు లేబర్‌ను పంపే కాంట్రాక్టరు. చనిపోయింది వాళ్లమ్మ కుల్సుంబీ. గేటు ముందు షామియానా, వరసగా కార్లు. హాల్లో తల్లి గొప్పతనం మీద బంగారు అక్షరాల ఫ్రేము. ఖదీర్ తెల్ల లాల్చీలో కళ్లు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"ఖాలా, ఉమ్రా చేయనీకి మక్కా పోయినప్పుడు అమ్మీ కోసమే తెచ్చిన కఫన్ బట్ట ఇది. జమ్‌జమ్ నీళ్లల్ల తడిపించిన. అత్తరు గూడ మక్కాదే" అన్నాడు, పదిమందికి వినబడేటట్టు.

రేగాకు వేసి కాచిన గోరువెచ్చని నీళ్లతో రషీదున్నీసా పరదా లోపలికి పోయింది. నీళ్లు అందించడానికి ఖదీర్ భార్య మాహిరా నిలబడింది. దుప్పటి తీయగానే గుప్పున కంపు కొట్టింది. శవాల కంపు ఆమెకు కొత్త కాదు. కాని ఇది చావు కంపు కాదు, నెలల తరబడి మార్చని పక్క కంపు. నడుము కింద అరచేయంత పుండ్లు. జుట్టు దువ్వడానికి బద్ధకమై ఎవరో కత్తెరతో అడ్డదిడ్డంగా కోసేశారు. గోళ్లు వంకర తిరిగి అరచేతుల్లో గుచ్చుకున్నాయి. ప్రాణం పోయాక గోళ్లు తీయకూడదు. ప్రాణమున్నప్పుడు తీయాల్సినవాళ్లు తీయలేదు. ఛీ, వీళ్ల బతుకుల మీద మన్నుబడ! ఈ ఒంటికి ఇప్పుడు మక్కా అత్తరా!

మాహిరా గొంతు తగ్గించింది. "ఖాలా, ఈడ జూసింది బయట చెప్తే పాపం గదా?"

రషీదున్నీసా చెంబు కింద పెట్టి ఆమెను ఎగాదిగా చూసింది. "పాపమే. గని గా మాట కుల్సుంబీ ఐబు కప్పెటందుకు చెప్పిండ్రు, నీ ఐబు కప్పెటందుకు గాదు. అయినా చెప్ప. ఆమె ఇజ్జత్ కోసం చెప్ప, నీ మొఖం సూసి గాదు."

కఫన్ చుట్టడం పూర్తయి బయటికి వస్తుంటే పెరట్లో దగ్గు వినబడింది. జనరేటర్ పక్కన రేకుల షెడ్డు, తలుపుకు బయట గడియ. తీసి చూస్తే కుల్సుంబీ భర్త దస్తగీర్ సాబ్. నిన్నటిదాకా మొగుడూ పెళ్లాలు ఇద్దరూ ఉన్నది ఆ షెడ్డులోనేనట. ఆయన రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. లుంగీ ఉచ్చతో నానిపోయి ఉంది.

"ఎవరమ్మా? ఒక్కసారి కుల్సుం మొఖం చూపెట్టుండ్రి. ఆమెను సాగనంపే జనాజా నమాజుల నన్ను నిలవెట్టుండ్రి. గీ బట్టలతోని నమాజుకు ఎట్లొస్త? పొద్దటిసంది నీళ్లడుగుతున్న, ఎవ్వరు వస్తలేరు" అని ఏడ్చాడు.

రషీదున్నీసాకు ఒళ్లు మండిపోయింది. ఖదీర్‌ను షెడ్డు లోపలికి మాట వినబడనంత దూరంగా పెరటి మూలకు పిలిపించింది. "మీ అబ్బాను నమాజుకు తీస్కపోతున్నవా, లేదా?"

"ఆయన నిలబడలేడు ఖాలా. గింతమంది పెద్దమనుషుల ముంగట గట్ల ఎట్ల తెస్త?"

"కూసోని చదువుతడు. కడుగు."

"మా లేబరోళ్లను పిలుస్త, ఎవడన్న కడుగుతడు."

థూ అని రషీదున్నీసా అక్కడే ఉమ్మింది. "నువ్వే కడుగు! మయ్యత్ గురించి నోరిప్పొద్దని నాకు చెప్పిండ్రు. బతికున్నోని గురించి ఎవ్వరు చెప్పలే. జల్దీ నీళ్లు పట్టు. లేకుంటే షామియానా కిందున్నోళ్లందర్ని గా షెడ్డు తలుపు కాడికి పిలుస్త."

ఖదీర్ ముఖం మాడిపోయింది. ముక్కుకు రుమాలు కట్టుకుని బకెట్ అందుకున్నాడు. రషీదున్నీసా గడపవతల అటు తిరిగి నిలబడింది. నీళ్ల చప్పుడు మధ్య వాడు ఓకరించడం వినబడింది. ఓకరించు, పేగులు బయటపడేదాకా ఓకరించు అనుకుంది కసిగా.

శుభ్రమైన లుంగీ కట్టించాక ఆమె ఇటు తిరిగింది. దస్తగీర్ సాబ్ తనకు కుర్తా తొడుగుతున్న చేతులను తడిమి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"ఎవరి కొడుకువు బిడ్డా నువ్వు? మావోడు నన్ను ఎన్నడు ముట్టలే. నిన్ను కన్నోళ్లు అదృష్టవంతులు. పేరు చెప్పు, నమాజుల నీకోసం దువా చేస్త."

ఖదీర్ చేతులు విడిపించుకుని కుర్తా గుండీలు పెట్టాడు.