పగటిపూట దెయ్యాల కథలు

మా చిన్నత్త పోయిందన్న కబురు పొద్దున నేను టీచరుగా పనిచేసే బడికి బయల్దేరుతూ క్యారియర్ సర్దుకుంటుండగా వచ్చింది. ఫోన్ చేసింది కడపలో ఆమె అద్దెకుండే ఇంటి కింది వాటాలో ఉండే ఆవిడ. అత్తకు చూపు తగ్గినప్పటి నుంచి రెండో తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటోంది. "పాపా, మీ అత్త పలకడం ల్యా. తాళం తీసి లోపలికి పోయి పిలిస్తి. ఒళ్లు సల్లగుండాది" అంది.

అమ్మా నాన్నా కారు మాట్లాడుకుని వెనకాలే వస్తామన్నారు. నేను ఆగలేక కర్నూలులో కడప బస్సెక్కేశాను. దారంతా భయంగానే ఉంది. జరగాల్సింది జరిగిపోయింది కదా, ఇంక దేనికి భయం అని నాకు నేను చెప్పుకున్నాను. నంద్యాల దాటినా తగ్గలేదు. ఇలాంటి భయం గురించి మాట్లాడాలంటే నాకున్నది ఒక్క మనిషి. ఆ మనిషి దగ్గరికే పోతున్నాను. అందుకే ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను.

చిన్నత్త అంటే మా నాన్న చెల్లెలు. కడపలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "కుదర్లా" అని ఒక్క మాటలో తేల్చేసేది. ఆమె బీరువాలో పై అరలో చీరలు, కింది రెండరల్లో బొమ్మల పుస్తకాలు ఉండేవి. కామిక్స్ అనే మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. పాత కాగితాలు కొనేవాళ్ల దగ్గర కూర్చుని, ఆ గుట్టల్లోంచి దెయ్యాల కథలున్నవి ఏరి ఏరి తెచ్చుకునేది. కొన్నిటికి అట్టలుండవు, కొన్నిటికి చివరి పేజీలుండవు. చివరి పేజీ లేని పుస్తకాలంటేనే ఆమెకు ఎక్కువ ఇష్టం.

అంత ఇష్టంగా చదివే మనిషి అంత పిరికిది కూడా. పగటిపూట తప్ప చదివేది కాదు. "రాత్రి పండుకోవాల గదా" అనేది. మధ్యాహ్నం అన్నం తిని, మంచమ్మీద రెండు కాళ్లూ పైకి ముడుచుకుని కూర్చుని, వేయించిన చెనక్కాయలు ఒలుచుకుని తింటూ చదివేది. సెలవులకు నేను కడప పోయినప్పుడు ఆమె పక్కనే కూర్చునేదాన్ని. కథలో ఏం జరుగుతోందో పుస్తకం చూడకుండానే నాకు తెలిసిపోయేది. భయపడే చోటు వచ్చిందంటే ఆమె నమలడం ఆగిపోయేది. దవడ అట్లాగే నిలబడిపోయేది. పేజీ తిప్పాక మళ్లీ కదిలేది.

ఆమెకు ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉండేది. ఆకాశంలో ఎగిరి లోకాన్ని కాపాడే వీరులంటే బొత్తిగా లెక్కలేదు. ఎంత ఎత్తునుంచి పడినా చావనివాడి కోసం నేనెందుకు కంగారు పడాలి అనేది. సినిమాల్లో తెల్లచీర కట్టుకుని పాట పాడే దెయ్యాన్ని చూస్తే నవ్వేది. ఆ చీరకు అంత తెల్లగా ఇస్త్రీ ఎవరు చేసి పెడుతున్నారో చెప్పమనేది. టీవీలో తలుపు వెనకనుంచి ఎవరో ఒక్కసారిగా దూకితే మేమందరం కేకలు పెట్టేవాళ్లం. ఆమె మాత్రం ఒప్పుకునేది కాదు. "అది భయం గాదు పాపా, ఉలికిపాటు. వంటింట్లో గిన్నె జారి పడినా ఉలిక్కిపడతాము. గిన్నెకు భయపడినట్లేనా?" అనేది.

దెయ్యం ఎందుకు దెయ్యమైందో చివర్లో కూర్చోబెట్టి చెప్పే కథలంటే ఆమెకు కోపం. ఆ కథ వింటే దానిమీద జాలేస్తుంది, జాలేశాక ఇంక భయమెక్కడ ఉంటుంది అని వాదించేది. ఈ మాట మీద మా నాన్నతో ఎన్నిసార్లు వాదించిందో లెక్కలేదు. నాన్నకు సినిమా అంటే చివర్లో అన్నీ తేలిపోవాలి. అత్తకు ఏదో ఒకటి మిగిలిపోవాలి.

ఆమె పిరికితనం మా ఇంట్లో పెద్ద నవ్వులాట. తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు ఊళ్లోకి వచ్చిన సంవత్సరం వరకూ నేనూ నవ్వేదాన్ని. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. చిన్నత్త నాలుగు రోజులుండిపోదామని మా ఇంటికి వచ్చింది. నాన్న పొద్దున్నే పాతబస్తీలోని మా అంగడికి పోయాడు. సరుకు అటకెక్కించి వచ్చేస్తానన్నాడు. ఆయన పోయిన కాసేపటికే మా వీధిలోకి నీళ్లొచ్చాయి. మొదట కాలువ పొంగినట్టే అనిపించింది. చూస్తుండగానే గడప దాటాయి. అమ్మ, అత్త, నేను ఎదురింటివాళ్ల మిద్దె మీదికి ఎక్కేశాం. ఫోన్లు పని చెయ్యడం లేదు. నాన్న ఎక్కడున్నాడో తెలియదు.

మిద్దె మీద చాలామందిమి ఉన్నాం. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పాతబస్తీ వైపే చూస్తూ నిలబడింది. నాన్న నీళ్లల్లో మునిగిపోయినట్టు, పైకి తేలినట్టు, ఎవరో వచ్చి చెప్పినట్టు అన్నీ కళ్లముందు కనిపిస్తున్నాయి. చిన్నత్త నన్ను పిట్టగోడకు ఆనించి కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"నాకు గూడ శానా భయమైతాంది" అంది. ఆ మిద్దె మీద అంతమందిలో ఆ మాట పైకి అన్నది ఆమె ఒక్కతే. మిగతావాళ్లందరూ ఏమీ కాదు, ఏమీ కాదు అంటున్నారు.

తర్వాత అంది, "నువ్వు తర్వాతి పేజీ తిప్పుతాండావు. తిప్పొద్దు. ఈ పేజీలో ఏముండాదో అదే సెప్పు నాకు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. గ్యాస్ బండ ఒకటి తేలుతూ పోతోంది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి గుండ్రంగా తిరుగుతోంది. ఒక గోడ మీద కుక్క నిలబడి ఉంది. నీళ్లు ముదురు టీ రంగులో ఉన్నాయి. మధ్యలో నా మాట నాన్న దగ్గరికి పోయేది. అప్పుడల్లా ఆమె, "ఆ బొమ్మ ఇంగా గీయలా పాపా. గీసింది సెప్పు" అనేది. నేను మళ్లీ కుక్క దగ్గరికి వచ్చేదాన్ని. అలా ఆ పగలంతా గడిచింది. భయం పోలేదు. కానీ ఒక్కొక్క బొమ్మంత భయాన్ని పట్టుకోవడం నాకు చేతనైంది.

నాన్న మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు, నడుం దాకా బురదతో, ఒక చెప్పు లేకుండా. అమ్మ ఏడ్చింది. చిన్నత్త మాత్రం అన్నను ఆ బురదలోనే నిలబెట్టి, సరుకు ముఖ్యమా పిల్ల ముఖ్యమా అని తిట్టిపోసింది. తిట్టడం అయ్యాక గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. ఆ రోజు నుంచి నేను ఆమె భయాన్ని చూసి నవ్వలేదు.

నాకు ఉద్యోగం వచ్చి ల్యాప్‌టాప్ కొనుక్కున్నాక ఆమెకు వీడియో గేములు చూపించాను. తుపాకులతో కాల్చుకునేవి ఆమెకు నచ్చలేదు. చేతిలో తుపాకి ఉంటే భయపడాల్సింది ఎదుటివాడు కదా అంది. చివరికి ఒక ఆట నచ్చింది. అందులో ఒక పాత ఇల్లు, చేతిలో ఒక టార్చిలైటు, అంతే. కడప పోయిన ప్రతిసారీ మధ్యాహ్నాలు అదే ఆడేవాళ్లం. మీటలు నొక్కేది నేను, ఎటు పోవాలో చెప్పేది ఆమె. ఆమె మాత్రం ఏ గదిలోకీ ఒక పట్టాన పోనిచ్చేది కాదు. "ఆ తలుపు దగ్గరికి పోవద్దు. ఈడనే ఉందాము కొంచేపు" అనేది. వసారాలో నిలబడి గోడలకు వేసిన రంగు, కిటికీలోంచి పడే వెలుగు చూస్తూ ఎంత బాగా గీశారో మెచ్చుకునేది. ఆ ఇంట్లో సగం గదులు మేమెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత చక్కెర జబ్బు ఆమె కళ్లకు పాకింది. ముందు మాటల బుడగల్లోని అక్షరాలు పోయాయి, తర్వాత బొమ్మల్లో ముఖాలు పోయాయి. కర్నూలులో కంటి డాక్టరు దగ్గర చూపించాం. కంట్లోకే సూది వెయ్యాలన్నారు. వేసేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగాయి. ఒక కన్ను ఇంక రాదని, రెండోదాన్ని కాపాడే ప్రయత్నం చేద్దామని డాక్టరు చెప్పాడు. తిరిగి ఆటోలో వచ్చాం. రాజవిహార్ సెంటర్ దాటాక ఆమె అంది.

"చీకటంటే దెయ్యాలకు గాదు పాపా నేను భయపడేది. నీళ్లు కాగినాయో లేదో చెయ్యి పెట్టి సూసుకోవాల గదా ఇంగ. దానికి."

ఏమీ కాదులే అత్తా అనబోయి ఆగిపోయాను. ఆమె ముందు ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. నాకూ భయంగా ఉందత్తా అన్నాను. ఆమె తల ఊపింది.

రెండో కన్ను కూడా మసకబారాక ఆ ఆటను వినడం మొదలుపెట్టింది. నేను ఆడుతుంటే చెరొక ఇయర్‌ఫోన్ పెట్టుకునేవాళ్లం. బొమ్మ లేకపోతేనే ఆట ఇంకా బాగుందని, గీసినవాడికంటే తనే పెద్ద ఇల్లు కట్టుకుంటున్నానని అంది. ఆమె సంతోషంగానే ఉందనుకున్నాను.

ఈ ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం అలా ఆడుతుండగా ఉన్నట్టుండి, "ఆపు" అంది. ఆపాను. "ఎవరో మెట్లెక్కుతాండారు" అంది. ఆటలో అలాంటి శబ్దమేదీ నాకు వినపడలేదు. చూస్తే కింది వాటా ఆవిడ గోంగూర పప్పు గిన్నెతో తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆవిడ నవ్వింది. చిన్నత్త నవ్వలేదు. ఆవిడ పోయాక కూడా ఆమె తలుపు వైపే చెవి పెట్టి ఉంది.

అప్పుడు చెప్పింది. నేను లేని రోజుల్లో రోజంతా ఇదే పనట. మెట్ల మీద అడుగులు, కిటికీ రెక్క, పక్కింట్లో మాటలు. ఏది నిజంగా వినపడిందో, ఏది తను కట్టుకున్నదో తేల్చుకోలేకపోతోందట. ఒక్కోసారి కాళ్లు ముడుచుకుని మంచమ్మీదే కూర్చుండిపోతుందట, దాహమైనా దిగకుండా. ఇదంతా ఆమె ఒక సినిమా కథ చెప్పినంత నెమ్మదిగా చెప్పింది. ఇన్నేళ్లు భయాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని దాంతో ఆడుకున్న మనిషి ఆమె. ఇప్పుడు అదే ఆమెతో ఆడుకుంటోంది.

కర్నూలు వచ్చేయమన్నాను. వద్దంటుందని, వాదించాలని సిద్ధపడే ఉన్నాను. "వస్తాలే" అంది వెంటనే. "ఈ ఎండలు తగ్గనీ. పుస్తకాలు మాత్రం ఈడ వదిలిపెట్టి రాను." మా ఇంట్లో చిన్న గదికి నాన్న సున్నం వేయించాడు. గోడ పొడవునా పట్టుకుని నడవడానికి ఒక కమ్మీ బిగించాడు. ఆ గది సిద్ధమైన వారానికే ఈ ఫోన్ వచ్చింది.

నేను కడప చేరేసరికి ఆమెను హాల్లో పడుకోబెట్టారు. ముఖం చూశాను. ఏమీ తెలియలేదు. చనిపోయినవాళ్ల ముఖాల్లో ఏదో కనిపిస్తుందంటారు గానీ, నాకు మా అత్త ముఖం తప్ప ఏమీ కనిపించలేదు. చివరి గంటలో ఆమె ఏం విన్నదో, భయపడిందో లేదో, దాహమైందో లేదో నాకు తెలియాలి. కింది వాటా ఆవిడను పక్కకు పిలిచి అడిగాను, మీరు చూసినప్పుడు అత్త ముఖం ఎలా ఉందని.

"నిద్రపోయినట్లే ఉండాది తల్లీ" అంది. కాసేపాగి మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పింది. అంత్యక్రియలు అయిపోయి, నాన్న మనుషులతో కలిసి తిరిగొచ్చాక, ఆవిడ కాఫీ తెచ్చిచ్చినప్పుడు ఇంకోసారి అడిగాను. ఆవిడ గ్లాసు నా చేతిలో పెట్టి పక్కనే కూర్చుంది.

"నిజం సెప్తే నేను సరిగా సూడలా పాపా. సెయ్యి ముట్టుకున్నా, సల్లగ తగిలె. నాకు భయమేసి ఎనక్కి తిరిగి మెట్లు దిగొస్తి."

ఆ మాట విన్నాక నాకు మొదటిసారి ఏడుపొచ్చింది. ఆవిడ మొదట అబద్ధం చెప్పినందుకు కాదు. చిన్నత్త వినుంటే ఆ జవాబును మెచ్చుకునేది.

కర్మకాండ అయ్యాక పుస్తకాలన్నీ పెట్టెల్లో సర్ది, నాన్నతో కారులో ముందుగా కర్నూలు పంపించాను. ఇల్లు ఖాళీ చెయ్యడానికి నెలాఖరు దాకా గడువుంది. ఆ మధ్యాహ్నం గదులన్నీ ఒకసారి చూసుకుని, కిటికీలు మూసి, బయటికొచ్చి తాళం వేశాను. మెట్ల వైపు తిరిగానో లేదో లోపల ఏదో కదిలినట్టు సన్నగా శబ్దం మొదలైంది. ఒక్క క్షణం, లోపల మనిషి ఉందనే అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఫ్రిజ్ మోటారు. ఆఫ్ చెయ్యడం మర్చిపోయాను. తాళం మళ్లీ తియ్యడానికి చెయ్యి రాలేదు. తలుపుకు అరచెయ్యి ఆనించాను. ఆ మోటారు అదురు చెక్కలోంచి సన్నగా చేతికి తగులుతోంది. ఎండలో నిలబడి, అది దానంతట అదే ఆగేదాకా చెయ్యి తియ్యకుండా వింటూ ఉన్నాను.