జీపుకి రేడియో సెట్టు... మా నాయనకి ఎదురు లారీ

మా చిన్నప్పుడు లారీల్లో మాట్లాడే రేడియోలు ఎక్కడివి... ఎదురొచ్చే డ్రైవరు నోరే రేడియో.

మేం బోయిన్‌పల్లిలో ఉండేవాళ్ళం. నాయన నిజామాబాదు దారిలో లారీ నడిపేవాడు. దారిలో బండి ఆగితే, ఇటువైపు వచ్చే లారీని ఆపి మాకు కబురు పెట్టేవాడు. ఆ డ్రైవరు మా గల్లీ మొదట్లో బండి నెమ్మది చేసి, ఇంజను ఆపకుండానే రెండు ముక్కలు అరిచి పోయేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు... ఒక మధ్యాహ్నం హారన్ వినబడితే అమ్మ నన్నే పంపింది. ఆ డ్రైవరు ఏదో అరిచాడు. నేను ఇంట్లోకి ఉరికి, నాయన బండి పండవడ్డదట అని చెప్పాను.

బండి పండవడడం అంటే బోల్తా పడడం. అమ్మ చేతిలోని చాట అట్లాగే జారిపోయింది.

అంతే, గల్లీ గల్లీ అంతా మా అరుగు మీదే. మనిషి ఉన్నాడో లేడో తెలియకముందే మా మేనత్త ఏడుపు షురూ చేసింది. ఇంకొకామె, చిన్నపిల్లలున్న ఇల్లు ఇక ఎట్లా గడుస్తుందని అమ్మ ముందే అంటోంది. ఓదార్చడానికి వచ్చినవాళ్ళలో ఒకరు చాయ్‌లో చక్కెర తక్కువైందని కూడా అన్నారు... అట్లాంటి మనుషుల్ని ఆ రోజే చూశాను. ఎవరి అరుగు కనిపించినా కూర్చునే రకం వాళ్ళు.

మర్నాడు పొద్దున నాయన లారీ తోలుకుంటూ వచ్చాడు. ఒంటి మీద గీత కూడా లేదు. చక్రాల మీద బరువు మోసే కమాను పట్టీ విరిగితే రోడ్డు పక్కన ఆపి బాగుచేయించుకున్నాడట. గుమిగూడిన జనాన్ని చూసి ఆయనకే గుండె ఆగినంత పనైంది.

"బండి పండవెట్టిన అని చెప్పుమన్న. పండవడ్డదని ఎవలు చెప్పిన్రే?"

పండవెట్టడం అంటే ఊరికే ఆపి ఉంచడం... ఇంజను చప్పుడులో నాకు ఆ తేడా వినబడలేదు. అందరూ నా వైపే చూశారు.

అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఆ తర్వాత హారన్ వినబడితే తనే పోయేది. "ఇంకొక్కసారి చెప్పన్నా, సాఫ్‌గ చెప్పు" అని ప్రతి డ్రైవరుతో రెండుసార్లు చెప్పించుకునేది. నన్ను మళ్ళీ ఎన్నడూ పంపలేదు.

ఇప్పుడు నా కూతురి కొడుకు, తిరుమలగిరిలో ఉంటాడు, దోస్తులతో నాలుగు జీపుల్లో గుట్టలు, అడవులు తిరుగుతాడు. ఫోను అందని చోట ఒక జీపు నుంచి ఇంకో జీపుకి మాట్లాడుకోవడానికి సీబీ రేడియో అని ఒకటి ఉందట. అది ఎంచుకోవడానికి వాడికి నెల పట్టింది. దేనికయ్యా అంటే... ఏడు రంగుల లైటు దేనికుంది, గుండీలు ఎన్ని, జీపు రంగుకి ఏది నప్పుతుంది. పైన ఊగే తీగ పొడుగ్గా లేకపోతే ఫోటో బాగా రాదట. పెళ్ళికూతురిని కూడా ఇన్ని రకాలుగా చూడరు.

నేను ఒక్కటే అడిగాను. "ఇంజను నడుస్తుంటే అండ్ల మాట సాఫ్‌గ ఇనవడ్తదా బిడ్డా?"

"నీకెందుకు పరేషాన్ అమ్మమ్మా, అన్ని రివ్యూలు సూశిన."

"ఎవలో సూశింది నాకొద్దు. జీపు ఇంజను చాలూ చేసి నువ్వు ఇన్నవా?"

వినలేదట. దుకాణంలో, ఏసీ గదిలో విన్నాడట. ఏసీ గదిలో చెవిటివాడికి కూడా వినబడుతుంది.

చివరికి రంగుల లైటుదే కొన్నాడు. పక్కన లైట్లు లేని మామూలు సెట్టు ఉందట, మాట దాంట్లోనే గట్టిగా వస్తుందని దుకాణం మనిషే చెప్పాడట. అది చూడ్డానికి ముసలిదానిలా ఉందని వదిలేశాడు. ఆదివారం బయలుదేరుతున్నాడు. ఆ గుట్టల మీద ముందు జీపువాడు ఆపు అంటే వీడికి పో అని వినబడితే... నాకు ఇప్పటినుంచే ముద్ద దిగడం లేదు.

ఇంకో సంగతి. ఆ సెట్టులో నాలుగు జీపులు తమలో తామే మాట్లాడుకుంటాయి. ఇంటికి ఒక్క ముక్క రాదు. మా కాలంలో ముక్కూ మొహం తెలియని మనిషి, నిండు లోడు బండిని నెమ్మది చేసి, ఒక ఆడపిల్ల పరుగెత్తి వచ్చేదాకా ఆగేవాడు.

మీ ఇంటికి అట్లా కబురు మోసిన మనిషి ఎవరైనా ఉన్నారా... పేరు గుర్తుంటే రాయండి. ఆ డ్రైవరు పేరు మాత్రం మా ఇంట్లో ఎవరమూ అడగలేదు.