జెస్సీ రెండో చెవి

2022 వేసవిలో నాకు అమలాపురం ప్రభుత్వాసుపత్రికి బదిలీ అయింది. హోదా ఆడియాలజిస్టు. చెవి ఆపరేషన్ డాక్టరు గారు చేస్తారు. అది అవసరమో కాదో తేల్చే పరీక్షలు మావి. వచ్చేవాళ్లకు మాత్రం నేను "చెవి మిషను మేడమ్" గారినే. సర్వీసులో అదే చివరి పోస్టింగు కాబట్టి ప్రశాంతంగా గడిచిపోతుందనుకున్నాను.

మరుసటి ఏడాది మామిడికుదురు నుంచి సునీత అనే అమ్మాయి తన కూతురు జెస్సీని తీసుకొచ్చింది. పిల్లకు ఏడాదిన్నర. ఇంకా అత్త అనలేదు, తాత అనలేదు. పుట్టినప్పుడు ఆసుపత్రిలో చెవి పరీక్ష చేశారా అని అడిగాను. "ఆయ్, చేసేరండి. పాసయ్యిందన్నారండి," అంది.

ఆసుపత్రి వాళ్లు చెప్పింది తప్పు కాదు. ఆ పరీక్ష లోపలి చెవిలోని కణాలు శబ్దానికి స్పందిస్తున్నాయా అన్నదే చూస్తుంది. ఆ కబురు నరం దాకా చేరుతోందో లేదో తెలియాలంటే పిల్లను నిద్రపుచ్చి, తలకు తీగలు అంటించి, బెరా అనే పరీక్ష చేయాలి. చేశాను. రెండు చెవులకూ గీత చదునుగానే వచ్చింది, అంటే కబురు నరానికి చేరడం లేదు.

సునీత భర్త ప్రసాద్ ఆమెకు సొంత మేనమామ. దగ్గర సంబంధాల్లో పుట్టిన పిల్లలకు ఇలాంటి ఫలితం వస్తే జన్యుపరీక్షకు రక్తం పంపడం నా పద్ధతి. ఒటోఫెర్లిన్ అనే జన్యువు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ చెడిపోయినదే వచ్చిందని రిపోర్టు. చెవి కణం నుంచి నరానికి కబురు అందించేది ఆ జన్యువు వల్ల తయారయ్యే ప్రోటీనే. తల్లిదండ్రులకు చెరొక మంచి ప్రతి ఉంటుంది కనుక వాళ్లకు వినికిడి బాగానే ఉంటుంది.

నిజం చెప్పాలంటే ఆ రిపోర్టు చూసి నాకు ఆశ కలిగింది. పుట్టుకతో వచ్చే చెవుడులో జన్యుచికిత్స మొదట ఫలిస్తున్నది ఈ రకానికే. హాని చేయని వైరస్‌లో మంచి జన్యువును పెట్టి లోపలి చెవిలోకి పంపుతారు. ఈ జన్యువు పెద్దది, ఒక వైరస్‌లో పట్టదు; అందుకని రెండు ముక్కలుగా పంపుతారు, కణంలో అవి కలుసుకుంటాయి. విదేశాల్లో ప్రయోగాల దశలో ఉంది, కొందరు పిల్లలకు వినికిడి వచ్చింది. మనకింకా అందలేదు. అందుకే సునీతకు ఒక దారి చెప్పాను. ఒక చెవికి ఇప్పుడే కాక్లియర్ ఇంప్లాంటు, అంటే శబ్దాన్ని నేరుగా నరానికే అందించే పరికరం, పెట్టిద్దాం, రెండో చెవిని ముట్టుకోకుండా ఆ చికిత్స కోసం ఉంచుదాం, మాటలు నేర్చే వయసు మాత్రం దాటిపోకూడదు అన్నాను. ప్రభుత్వ పథకంలో అనుమతి వచ్చింది, ఆపరేషన్ తేదీ కూడా ఇచ్చారు.

ప్రసాద్ కువైట్‌లో డ్రైవరు. పిల్ల కడుపులో ఉండగా వెళ్లాడు. కూతుర్ని చూసిందంతా వీడియో కాల్‌లోనే. ఆపరేషన్ దగ్గర పడ్డాక నాకు ఫోన్ చేశాడు. విదేశంలో ఒక పిల్లవాడు ఈ చికిత్స అయ్యాక తల్లి పిలుపుకి తల తిప్పిన వీడియో ఎవరో పంపారట. "ఒక్క ఇంజక్షన్‌తో పోయేదానికి పిల్ల బుర్ర కోయించడం దేనికండీ? అయినా దానికి కొంచెం వినపడుద్దండి. నేను ఫోన్లో పిలిస్తే నవ్వుద్దండి," అన్నాడు.

అదీ మత్తిచ్చి చెవి లోపలికి వెళ్లి చేసే ఆపరేషనే అని చెప్పాను. పిల్ల నవ్వేది తెర మీద మీ ముఖం చూసి అని కూడా చెప్పాను. "ఆయ్, మీరన్నది నిజమేనండి" అంటూనే ఒప్పుకోలేదు. ఇక్కడి మర్యాద అలాంటిది: ఎదుటివాళ్లను కాదనరు, చేయదలచుకోనిది చేయరు. ఆపరేషన్‌కు తల్లి సంతకం చాలు, కానీ సునీత పెట్టలేకపోయింది. "ఆయన్ని కాదని చేయిస్తే, రేపు పిల్లకేదన్నా అయితే నేనేం చెప్పుకోవాలండీ?" అని ఏడ్చింది. తేదీ పోయింది. ప్రయోగం జరుగుతున్న ఒక ఆసుపత్రికి రాశాను. తమ దేశంలో ఉండే పిల్లలనే తీసుకుంటున్నామన్నారు. ఆ సంగతి చెబితే, "మన దేశానికీ వచ్చేసుద్దిలెండి," అన్నాడు ప్రసాద్.

జెస్సీకి నాలుగో ఏడు నడుస్తుండగా అతను సెలవు మీద వచ్చాడు. వచ్చిన కొద్ది రోజులకే మా గదికి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "పెరట్లో ఆడుకుంటా ఉంటే వెనకాల నుంచుని పిలిచేనండి. గట్టిగా కూడా పిలిచేనండి. ఎదురుగా వెళ్లేకే నవ్విందండి," అన్నాడు. "ఇన్నాళ్లూ నా గొంతు విననే లేదాండీ?" అని అడిగాడు. లేదన్నాను. నేను ముందే చెప్పాననకుండా, ఆపరేషన్ అనుమతి కాగితాలు మళ్లీ బయటికి తీశాను.

త్వరలోనే కుడి చెవికి ఇంప్లాంటు పెట్టారు. నేను రిటైరయ్యే నాటికి జెస్సీ తలుపు చప్పుడుకి, కుక్క అరుపుకి తిరిగి చూసేది. మాటలు మాత్రం ఒక్కొక్కటే, అవీ సునీత పక్కనుండి విడమరిచి చెబితేనే తెలిసేవి. ఏడాదిన్నరకే ఇంప్లాంటు పెట్టిన పిల్లల్లో చాలామంది ఆ వయసుకి కబుర్లు చెబుతూ ఉంటారు. వాళ్లను చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమనేది. ఎడమ చెవిని అలాగే ఉంచాం. చికిత్స ఇక్కడికీ వస్తుందనే నా నమ్మకం. అది జెస్సీకి వినికిడి ఇవ్వవచ్చు, పోయిన రెండేళ్లు ఇవ్వదు.

రాబోయే చికిత్స కోసం చెవిని ఆపి ఉంచవచ్చు, పిల్ల వయసును ఆపలేం. ఇప్పటికీ కొందరు ఫోన్ చేసి సలహా అడుగుతుంటారు. నేను ముందు అడిగేది పిల్లకు ఎన్నో ఏడని. జన్యువు పేరు ఆ తర్వాత.